బోర్డు మీది పేరు: మరియా మాంటిస్సోరి

మన ఊళ్లలో మాంటిస్సోరి అన్న బోర్డు కనిపించని పేట ఉండదేమో. గోడ మీద మిక్కీ మౌస్ బొమ్మ, గేటు ముందు ఆటోలు, పైన పెద్ద అక్షరాల్లో ఏదో ఒక మాంటిస్సోరి స్కూల్. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆ మనిషి మద్రాసులో కొన్నేళ్లు ఉండి వెళ్లిందని మనలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

నాకు ఆవిడతో పని పడింది మా తమ్ముడి వల్ల. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. తొమ్మిదేళ్లు. వాడికి డిస్లెక్సియా ఉందని పోయినేడాది పరీక్షలు చేసి చెప్పారు. కథ ఒకసారి వింటే చాలు, ఒక్క ముక్క వదలకుండా తిరిగి చెప్తాడు. అదే కథ చదవమంటే రెండో లైన్‌కే కళ్లు నలుపుకుంటాడు. బడిలో నెట్టుకురాలేక ఈ ఏడాది ఇంటి దగ్గరే చదువుతున్నాడు. మిగతావన్నీ పిన్ని చూసుకుంటుంది. ఎక్కాలు, స్పెల్లింగులు మాత్రం నా వాటాకి వచ్చాయి. వాటి కోసం ఏదైనా దారి ఉందా అని వెతుకుతూ వెతుకుతూ చివరికి ఈవిడ జీవితం దగ్గర తేలాను.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టింది. నాన్న ప్రభుత్వ ఉద్యోగి. అమ్మకి పుస్తకాలంటే ప్రాణం. మరియాకి అయిదేళ్ల వయసప్పుడు వాళ్ల కుటుంబం రోముకి మారింది. మన కాలేజీ వాళ్లకి నచ్చే విషయం ఏంటంటే, ఆవిడ మొదట అవ్వాలనుకున్నది ఇంజినీర్. పదమూడో ఏట టెక్నికల్ స్కూల్లో చేరింది. ఆ రోజుల్లో ఆడపిల్లలు అటు వెళ్లడమే అరుదు. టీచర్ అయితే చాలు కదా అని నాన్న అంటే ససేమిరా అంది. చివరికి ఎన్నో దేశాల టీచర్లకి టీచర్ అయి కూర్చుంది, అది తర్వాతి సంగతి.

టెక్నికల్ చదువు పూర్తయ్యేసరికి మనసు మారి డాక్టర్ అవుతానంది. నాన్న ఒప్పుకోలేదు, అమ్మ వెనక నిలబడింది. రోమ్ యూనివర్సిటీలో మెడిసిన్‌లో సీటు సంపాదించడం ఒక ఎత్తు, అక్కడ చదవడం ఇంకో ఎత్తు. మగ విద్యార్థుల మధ్య ఆడపిల్ల శవాన్ని కోయడం మర్యాద కాదని, ఆవిడకి డిసెక్షన్ క్లాసు అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా పెట్టేవారు. ఆ వాసన తట్టుకోలేక పొగ తాగడం మొదలుపెట్టిందట. 1896లో డాక్టర్ పట్టా చేతికొచ్చింది.

సరిగ్గా అదే ఏడాది ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టర్ ఒక మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశాడు. పేరు పెర్సీ. తెలివైనవాడు, అంకెలు తేలిగ్గా చదివేవాడు. కానీ మాటలు చదవలేడు. సొంత పేరు రాసేటప్పుడు కూడా అక్షరాలు తారుమారు చేసేవాడు, పదే పదే చూపిస్తే తప్ప ఆ తప్పు వాడి కంటికి ఆనేది కాదు. ఇవాళ మనం డిస్లెక్సియా అంటున్న దాన్ని ఒక పిల్లాడిలో గుర్తించి రాసిన మొట్టమొదటి వ్యాసాల్లో అదొకటి. మాంటిస్సోరి ఆ పెర్సీని ఎప్పుడూ చూడలేదు, డిస్లెక్సియా మీద ప్రత్యేకంగా పనీ చేయలేదు. కానీ పెర్సీ లాంటి పిల్లలకి తర్వాతి కాలంలో ఉపయోగపడినవాటిలో కొన్ని ఆవిడ తరగతి గదుల్లో అప్పటికే ఉన్నాయి.

డాక్టర్ అయ్యాక ఆవిడ యూనివర్సిటీ వాళ్ల మానసిక వైద్యశాలలో పనికి చేరింది. ఆ పని మీద రోములో పిచ్చాసుపత్రులకి వెళ్లేది. అప్పట్లో ఎదుగుదల సరిగ్గా లేని పిల్లల్ని కూడా పెద్దవాళ్లతో పాటు అక్కడే పడేసేవారు. ఆవిడ జీవితం రాసినవాళ్లు తప్పకుండా చెప్పే సంఘటన ఒకటి ఉంది. ఒక గదిలో పిల్లలు అన్నం తిన్నాక నేల మీద పడ్డ రొట్టె ముక్కల కోసం పాకుతున్నారు. చూడండి ఎంత ఆబగా ఉన్నారో అని కాపలా మనిషి అసహ్యించుకుంది. మాంటిస్సోరి గది నలుమూలలా చూసింది. ఆడుకోవడానికి ఒక్క వస్తువు లేదు, చేత్తో పట్టుకోవడానికి ఒక పుల్ల కూడా లేదు. ఆ పిల్లలది కడుపు ఆకలి కాదు, చేతుల ఆకలి అని ఆవిడకి తోచింది.

అక్కడి నుంచి పాత పుస్తకాలు తిరగేసింది. 1800 ప్రాంతంలో ఫ్రాన్స్ అడవుల్లో దొరికిన ఒక పిల్లాడికి మాట, చదువు నేర్పాలని తంటాలు పడిన ఇటార్డ్ అనే డాక్టర్ రాతలు చదివింది. ఆయన శిష్యుడు సెగాన్ రాసిన పుస్తకాలు చదివింది. ఊరికే చదవడం కాదు, ఫ్రెంచిలో ఉన్నవాటిని ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ మొత్తం చేత్తో రాసుకుంది. ప్రతి మాట దగ్గరా ఆగి ఆలోచించడానికట. మనం కోడ్ కాపీ పేస్ట్ చేయకుండా టైప్ చేసుకుంటూ పోతే అర్థమవుతుందని సీనియర్లు చెప్తారే, అలా.

1900లో రోములో అలాంటి పిల్లల కోసం ఒక బడి పెట్టి ఆవిడని డైరెక్టర్లలో ఒకరిని చేశారు. అక్కడ చెక్కతో అందమైన అక్షరాలు చేయించింది. పిల్లలు రాసే దారిలోనే వాటి మీద వేలు పోనివ్వాలి. కంటికి పట్టని ఆకారం చేతికి పడుతుందని ఆవిడ నమ్మకం. ఏళ్ల తరబడి పనికిరారనుకున్న ఆ పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని మామూలు బడి పిల్లలతో పాటు పరీక్ష రాసి పాసయ్యారు. ఊరంతా అద్భుతం అంది. ఆవిడకి మాత్రం వేరే ప్రశ్న పట్టుకుంది. వీళ్లే ఇంత చేయగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు మామూలు బడుల్లో అంత తక్కువ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది ఈ ప్రశ్న దగ్గరే. పిల్లాడికి రావట్లేదంటే లోపం పిల్లాడిలోనే ఉందని వదిలేయకుండా, మనం చూపిస్తున్న దారి వైపు వేలు చూపించింది.

ఆ రోజుల్లోనే ఆవిడ సొంత జీవితంలో ఒక పెద్ద నొప్పి ఉంది. తనతో పనిచేసిన డాక్టర్ మోంటెసానోతో ప్రేమ. 1898 మార్చి 31న కొడుకు మారియో పుట్టాడు. పెళ్లి కాలేదు. పెళ్లి కాని తల్లి అని లోకానికి తెలిస్తే అప్పటి ఇటలీలో ఆవిడ ఉద్యోగం, పరువు రెండూ పోతాయి. పిల్లాణ్ణి పల్లెటూళ్లో వేరే కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. తర్వాత మోంటెసానో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ ఆ బడి వదిలేసి మళ్లీ యూనివర్సిటీకి విద్యార్థిగా వెళ్లిపోయింది. ఎవరెవరి పిల్లలకో ఓనమాలు దిద్దించిన మనిషి, తన కొడుకుని అప్పుడప్పుడూ వెళ్లి చూసి రావడంతో సరిపెట్టుకుంది.

1907 జనవరి 6న రోములోని సాన్ లోరెంజో అనే పేదల వాడలో ఆవిడ అసలు కథ మొదలైంది. అమ్మానాన్నలు పనులకి వెళ్తే చిన్న పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని, వాళ్లని చూసుకోవడానికి ఆ ఇళ్ల యాజమాన్యం ఒక గది ఇచ్చింది. దాన్నే కాసా దే బంబీని, అంటే పిల్లల ఇల్లు అన్నారు. ఇక్కడికి వచ్చింది మామూలు పిల్లలు, ఇంకా బడి వయసు రానివాళ్లు. చదువు చెప్పే ఉద్దేశం మొదట్లో లేదు, తల్లులే వచ్చి అడిగారు. చెక్క అక్షరాలు చేయించడానికి డబ్బు లేదు, చేసిపెట్టే మనిషీ దొరకలేదు. దాంతో శాండ్‌పేపర్ కత్తిరించి అట్టల మీద అంటించింది. మన వడ్రంగులు చెక్క నున్నగా చేయడానికి రుద్దుతారే, ఆ గరుకు కాగితం. నునుపు అట్ట మీద గరుకు అక్షరం, వేలు పక్కకి జారితే పిల్లాడికే తెలిసిపోతుంది. ఇవాళ వేలకి వేలు పోసి కొంటున్న సామాను డబ్బు లేక పుట్టిందన్నమాట.

ఆవిడ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇంకోటి. రాయడం అనే పనిని ముక్కలు చేసింది. పెన్సిల్ పట్టు కుదరడానికి లోహపు చట్రాల్లో గీతలు గీయించడం ఒకటి. అక్షరం ఆకారం చేతికి ఎక్కడానికి శాండ్‌పేపర్ మీద వేలు పోనిస్తూ దాని శబ్దం పలికించడం రెండోది. మాటని శబ్దాలుగా విడగొట్టి, విడి అక్షరాలు ఏరి నేల మీద పేర్చడం మూడోది. మన భాషలో చెప్పాలంటే ముందు ప్రతి మాడ్యూల్‌నీ విడిగా టెస్ట్ చేసి, ఇంటిగ్రేషన్ చివర్న పెట్టుకుంది. మనం పిల్లల చేత చేయించేది అన్నీ ఒకేసారి. పెన్సిలూ పట్టుకోవాలి, ఆకారమూ గుర్తుండాలి, స్పెల్లింగూ తప్పకూడదు, లైను కూడా దాటకూడదు.

ఫలితం ఆ ఏడాది చలికాలంలో ఒక ఎండ రోజు కనిపించింది. మేడ మీద ఆడుకుంటున్న పిల్లాడికి సుద్దముక్క ఇచ్చి ఎదురుగా ఉన్న పొగగొట్టం బొమ్మ వేయమంది ఆవిడ. వాడు బొమ్మ వేసి, ఉన్నట్టుండి దాని పక్కన ఒక మాట రాశాడు. రాయడం వచ్చేసిందని అరుస్తూ ఇంకో మాట, ఇంకో మాట. మిగతా పిల్లలూ సుద్దముక్కల కోసం ఎగబడ్డారు. ఆ తర్వాత గోడ, తలుపు, నేల, ఏదీ ఖాళీగా మిగల్లేదు.

దీనికి మనం మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు. బియ్యం పళ్లెంలో వేలితో ఓం అని రాయించి అక్షరాభ్యాసం చేసే ఇళ్లు మనవి. పూర్వం వీధి బళ్లలో ఇసుక పోసుకుని దిద్దేవారు. దిద్దడం అన్న మాటే ఉంది మనకి. అయితే మనం ఒక్క రోజు ముహూర్తం చూసి దిద్దించి, మర్నాటి నుంచి నోట్‌బుక్ చేతిలో పెట్టేస్తాం. ఆవిడ పిల్లాడికి అవసరమైనన్ని రోజులు దిద్దించింది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ పిల్లలు రాసింది ఇటాలియన్. అది చాలావరకు మన తెలుగులాగే పలికినట్టు రాసే భాష. ఇంగ్లిష్ అలా కాదు. వన్ అనే మాటలో వకారం వినిపిస్తుంది, రాతలో ఉండదు. నైట్ అనే మాటలో జీ, హెచ్ రాతలో ఉంటాయి, వినిపించవు. అందుకని మా తమ్ముడి కోసం మాటల్ని రెండు కుప్పలు చేశాం. క్యాట్, ల్యాంప్, ఫ్రాగ్ లాంటివి విన్నట్టు రాయగలిగినవి. వాటిని విడి అక్షరాలతో వాడే పేరుస్తాడు, తర్వాత వెనక కార్డు తిప్పి వాడే చూసుకుంటాడు. ఎర్ర పెన్ను లేదు. రెండో కుప్పలో సెడ్, డజ్, వన్ లాంటి మొండి మాటలు. అవి రోజుకి రెండే. పళ్లెంలో ఉప్పు పోసి, ఒక్కో అక్షరం పైకి పలుకుతూ వేలితో రాస్తాడు. తెలుగులో వాడి తిప్పలు వేరు. ద, ధ, థ మధ్య ఒక గీత, ఒక చుక్క తేడా. అక్కడ శాండ్‌పేపరే దిక్కు.

చూడటం, పలకడం, వేలితో రాయడం మూడూ కలిపి నేర్పే దారిని 1930లలో అమెరికాలో ఆనా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్మన్ అనే టీచర్లు, డాక్టర్ ఆర్టన్ పరిశోధన ఆధారంగా, చదవలేని పిల్లల కోసమే ఒక పద్ధతిగా రాసిపెట్టారు. తారే జమీన్ పర్‌లో ఇషాన్ ఇసుకలో వేలితో రాసే సీన్ గుర్తుందా? అది కూడా ఈ దారిదే.

ఇక లెక్కలు. మాంటిస్సోరి తరగతిలో అంకె అంటే కాగితం మీద గుర్తు కాదు, చేతిలో బరువు. తీగకి గుచ్చిన పూసల పుల్లలు ఉంటాయి. ఒక్కో సంఖ్యకి ఒక్కో రంగు, పదికి బంగారు రంగు. పది పదులు పక్కపక్కన కడితే వంద పలక, పది వందలు ఒకదాని మీద ఒకటి పేర్చితే వెయ్యి పెట్టె. వందకీ వెయ్యికీ తేడా ఏంటో పిల్లాడి చేతికి తెలుస్తుంది.

డిస్లెక్సియా ఉన్న చాలామంది పిల్లలకి లెక్క అర్థమవుతుంది, ఎక్కం మాత్రం నోటికి రాదు. మా వాడూ అంతే. ఏడెనిమిదులు ఎంతంటే బిక్కమొహం వేస్తాడు. అదే ఏడేసి పూసల పుల్లలు ఎనిమిది వేస్తే, ప్రతి పుల్లనీ అయిదూ రెండుగా చూస్తాడు. అయిదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, మొత్తం యాభైఆరు అని తేల్చేస్తాడు. ఆవిడ బడుల్లో వాడే గుణకార పట్టికల్లో రెండుసార్లు వచ్చేవి తీసేసిన పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని చూసి నేనూ లెక్కేశాను. ఒకటి నుంచి పది ఎక్కాల దాకా మొత్తం 100. ఏడెనిమిదులూ ఎనిమిదేళ్లూ ఒకటే కాబట్టి మిగిలేవి 55. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు తేలికే, అవి తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కానికి పదో ఎక్కంలోంచి ఒకసారి తీసేస్తే సరి, అవీ పోతే 15. వంద నేర్చుకోవాలి అనడానికీ, పదిహేను చాలు అనడానికీ పిల్లాడి మొహంలో ఎంత తేడా ఉంటుందో చూసి తీరాలి.

కొత్తది నేర్పేటప్పుడు సెగాన్ నుంచి ఆవిడ తీసుకున్న మూడు మెట్లు ఉన్నాయి. ఇది ఫలానా అని చెప్పడం మొదటిది. ఫలానాది ఏదో చూపించమనడం రెండోది. ఇదేంటి అని అడగడం మూడోది. రెండో మెట్టు దాటకుండా మూడోదానికి వెళ్లకూడదు. తప్పు చెప్తే కోప్పడకుండా, ఆ రోజుకి ఆపేసి ఇంకో రోజు మళ్లీ మొదలుపెట్టాలి. మన ఇళ్లలో జరిగేది చూడండి, మొదటి మెట్టు నుంచి సరాసరి మూడోదానికి దూకి ఎక్కం అప్పజెప్పమంటాం.

సాన్ లోరెంజో తర్వాత ఆవిడ పేరు మారుమోగిపోయింది. 1909లో ఆవిడ పుస్తకం వచ్చింది, ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 1913లో, అమ్మ చనిపోయిన మరుసటి ఏడాది, పదిహేనేళ్ల మారియో ఆవిడ దగ్గరికి వచ్చేశాడు. లోకానికి మాత్రం మేనల్లుడనో, పెంచుకున్న కొడుకనో చెప్పుకోవాల్సి వచ్చింది. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్‌లో అద్దాల గోడల మధ్య ఆవిడ తరగతి నడిచింది, జనం బయట నిలబడి చూశారు. 1920లలో ముస్సోలినీ ప్రభుత్వం ఆవిడ బడులకి అండగా నిలబడితే ఆవిడ కాదనలేదు. ఇది దాచాల్సిన విషయం కాదు. కానీ టీచర్లు పార్టీకి విధేయులుగా ప్రమాణం చేయాలి, పిల్లలు సైనికుల్లా తయారవ్వాలి అన్నప్పుడు పొత్తు చెడింది. 1934కల్లా ఆవిడ ఇటలీ వదిలేసింది, అక్కడి బడులు మూతపడ్డాయి. జర్మనీలో హిట్లర్ కూడా మూయించాడు. స్పెయిన్‌లో ఉంటే అక్కడ అంతర్యుద్ధం వచ్చింది, నెదర్లాండ్స్‌కి వెళ్లింది.

1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మారియోతో కలిసి మద్రాసు వచ్చింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అడయారులో చెట్ల నీడన తాటాకు పాకల్లో టీచర్లకి శిక్షణ. ఆవిడ ఇటాలియన్‌లో చెప్తే మారియో ఇంగ్లిష్‌లోకి మార్చేవాడు. కొద్ది నెలల కోసం వచ్చిన మనిషి, యుద్ధం వల్ల దాదాపు ఏడేళ్లు ఇక్కడే ఉండిపోయింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో వీళ్లు శత్రుదేశం మనుషులైపోయారు. మారియోని తీసుకెళ్లి అహ్మద్‌నగర్‌లో నిర్బంధించారు. ఆవిడని అడయారు దాటి వెళ్లనివ్వలేదు.

ఆగస్టు 31న ఆవిడకి డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ రోజు వైస్రాయ్ దగ్గర్నుంచి టెలిగ్రామ్ వచ్చింది. పుట్టినరోజుకి ఏ కానుక ఇస్తే బాగుంటుందా అని ఆలోచించి, ఆవిడ కొడుకునే తిరిగి పంపిస్తున్నాం అన్నది దాని సారాంశం. మారియో విడుదలై వచ్చాడు. నలభై రెండేళ్లుగా బయటికి అనలేని కొడుకు అన్న మాట, ఒక ప్రభుత్వ కాగితం మీద అచ్చులో కనిపించింది. ఇది చదివినప్పుడు నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

తర్వాత కొంతకాలం కొడైకెనాల్లో గడిపారు. చుట్టూ అన్ని వయసుల పిల్లల్నీ చేర్చుకుని ప్రకృతి పాఠాలు, లెక్కలు, పూసల పని ఇంకా పెంచారు. 1946లో యూరప్ వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ శిక్షణ ఇచ్చారు. 1949, 1950, 1951లలో వరసగా మూడుసార్లు నోబెల్ శాంతి బహుమతికి ఆవిడ పేరు వెళ్లింది, బహుమతి రాలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో నోర్డ్‌వైక్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఎనభై ఒకటో ఏట చనిపోయింది. పక్కన మారియో ఉన్నాడు. ఆవిడ పనిని ఆ తర్వాత ముప్పై ఏళ్లు అతనే నడిపించాడు.

ఆవిడ పద్ధతి మంత్రదండమని నేను చెప్పను. మా వాడికి పదిహేనులో తొమ్మిది వచ్చాయి, ఆరు ఇంకా జారిపోతున్నాయి. చదవడం ఇప్పటికీ నిదానమే, దాని కోసం వేరే నిపుణుల దగ్గరికి కూడా వెళ్తున్నాడు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలు కూడా చేరాయి కాబట్టి, రేపు బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడిగే హక్కూ ఉంది. ఈలోపు మా చేతిలో ఉన్నది ఒక ఉప్పు పళ్లెం, కొన్ని పూసలు, తొందరపెట్టకూడదన్న ఒక నియమం.

సెలవులకి ఇంటికెళ్తే మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎక్కాల దగ్గర ఏడుస్తున్న పిల్లాడో పిల్లో తప్పకుండా ఉంటారు. అప్పజెప్పమని అడగకండి. గుప్పెడు చింతపిక్కలు నేల మీద పోసి, ఏడేసి చొప్పున వరసలు పేర్చమనండి. మీరు కాసేపు మాట్లాడకుండా చూస్తూ కూర్చోండి.